పలుపుతో పోయిన ఎద్దులు

గోవులను కాచిన వానికీ, వరాహమై భూమిని పైకెత్తిన వానికీ ముందుగా నమస్కారం. ఇది మర్యాద కోసం చేసిన స్తుతి కాదు. ఎద్దులు, ఎనుములు, గొర్రెలు, పందులు, వీటి ధరలను వ్రాసి, రాబోయే పక్షంలో ఆ ధరలు ఎట్లుండగలవో ఊహించి చెప్పి, ఇరవైరెండేళ్లు జీతం తీసుకున్నవాణ్ణి. ఆ మూర్తులిద్దరి అన్నం తిన్నవాణ్ణి అనుకున్నా తప్పులేదు.

స్వస్తిశ్రీ శుక్ల నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమి. ఇంగ్లీషు లెక్కకు 1989 నవంబరు. స్థలం జమ్మలమడుగు పశువుల సంత. ఎన్నికలకు రెండు వారాల వ్యవధి ఉన్నది. నల్లరేగడి నేలల్లో శనగ విత్తనం ఇంకా ముగియలేదు.

నేనప్పుడు ప్రొద్దుటూరులో మార్కెట్ కార్యాలయపు ప్రైస్ రిపోర్టరును. అంటే ధరలు సేకరించి వ్రాసే గుమాస్తాను. చదివినవి ప్రబంధాలు, వ్యాకరణం. దొరికిన ఉద్యోగం పశువుల సంతలో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సంతలు మూడూ నా పరిధి. ప్రతి సంతలోనూ నేను పట్టవలసినవి రెండు లెక్కలు. మొదటిది అరైవల్స్, అంటే గేటు దాటి లోపలికి వచ్చిన పశువుల సంఖ్య. రెండవది మోడల్ రేటు, అంటే ఎక్కువ బేరాలు ఏ ధర దగ్గర తెగినవో ఆ ధర. ఈ రెండూ చూసి వారానికొకసారి ‘మార్కెట్ ఔట్‌లుక్’ వ్రాయాలి. ధరలు పెరుగునా తగ్గునా, అమ్మదలచినవాడు ఇప్పుడే అమ్మవలెనా ఆగవలెనా అన్నదే దాని సారాంశం. దానిని మూడు సంతల బోర్డులకూ అతికించేవారు. రేడియోలో రైతుల కార్యక్రమంలోనూ చదివేవారు. నేను దానిని గ్రాంథికంలో వ్రాసేవాణ్ణి. “సామి పంచాంగం వచ్చింది, సదివించుకోండప్పా” అని సంతలో నవ్వుకునేవారు. ఆ నవ్వు నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

ధర సేకరించడం బయటివారు అనుకున్నంత సులభం కాదు. మా సంతల్లో పశువుల ధరను నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తమ కుడిచేతులను ఒక తుండుగుడ్డ కింద కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వందలు లేదా వేలు; చెయ్యి మొత్తం పట్టితే ఐదు. పట్టడం, విదిలించడం, మళ్లీ పట్టడం, ఇట్లా పావుగంట సేపు ఆ తుండు కింద పిల్లి దూరినట్లు గుడ్డ ఎగసిపడుతుంది. పక్కన నిలిచినవాడికి కూడా ధర తెలియదు. బేరం తెగిన తరువాత దళారి వచ్చి, అదే పద్ధతిలో, నా అరచేతిలో ఆ ధర చెప్పిపోయేవాడు. నాకు చెప్పే దళారి పేరు మస్తాన్. నలభై ఏళ్లుగా ఆ సంతలో ఉన్నవాడు, నాకంటే పెద్దవాడు.

ఆ దశమినాడు అరైవల్స్ మామూలుకు రెండింతలయినవి. వచ్చినవి ముసలి పశువులు కావు. కాడికి వంగే వయసులోని మైసూరు కోడెలు, పాలిచ్చే ఎనుములు, అంటే బర్రెలు. అందులో సగానికి పైగా ఒకే ఊరివి. ఆ ఊరి పేరు వ్రాయను. అక్కడ రెండు పార్టీలు ఉండేవి. మా సీమ పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదు. ఊరిని రెండుగా చీల్చుకున్న వర్గాలలో ఒకటి. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ రెండూ చెరొక జెండా పట్టుకుంటాయి, అంతే.

బేరాలు విచిత్రంగా సాగినవి. తుండు వేసిన మరుక్షణమే తీసేశారు. గుడ్డ కదలలేదు. మస్తాన్ నా చేతిలో చెప్పిన ధరలు క్రితం వారానికంటే మూడోవంతు తక్కువ. నాలుగైదు బేరాలు చూసి నేను నివ్వెరపోయాను.

“సాహెబూ, ఇంత తక్కువా?”

“అంతే సామీ. నా యేలు అబద్ధం చెప్తాదా?” అని అతడు నా పుస్తకం వంక చూశాడు. “ఏంది, ఈ పొద్దు గూడా రాస్తాండారా?”

“వ్రాయక? అదే గదా నా ఉద్యోగం.”

“ఈ పొద్దుకు పేనా ఎండిపోయిందనుకోండి.”

“ఎందుకట్లా?”

“ఎందుకేంది? పేనా అన్నాక ఎండిపోదా? శానా ఎండగా ఉండాది. నీడకు పోయి మజ్జిగ తాగి ఇంటికి పోండి.”

పరిహాసమనుకున్నాను. ఉన్న లెక్క ఉన్నట్లు వ్రాయడం ధర్మమనుకున్నాను. మరునాడు, ఏకాదశి ఉపవాసంతో, ప్రొద్దుటూరు కార్యాలయంలో కూర్చుని ఈ విధంగా ఔట్‌లుక్ కూర్చాను: “పశుగ్రాసపు కొఱత వలన వృషభముల ధరలు క్షీణించుచున్నవి, మఱియు క్షీణింపగలవు. విక్రయింప నెంచువారు జాగు సేయరాదు. సీమపందుల ధరలు క్రిస్మసు పండుగకు మిక్కిలి పుంజుకొనగలవు. పెంపకందారులు వేచియుండుట లాభకరము.” ఆ సాయంత్రమే రేడియోలో చదివారు.

ద్వాదశినాడు పులివెందుల సంతకు వెళ్లాను. అక్కడ ఎద్దుల ధర ఎప్పటిలాగే ఉన్నది. నిజానికి విత్తనం అదనులో ఒక మెట్టు పైనే ఉన్నది. రెండు సంతలకు నడుమ ఇంత అంతరమా అని బస్సులో దారి పొడవునా ఆలోచించాను. జమ్మలమడుగు వైపు వానలు తక్కువ, గడ్డి తక్కువ అని సమాధానం చెప్పుకున్నాను. కారణం ముందే నిర్ణయించుకున్నవాడికి ప్రతి లెక్కా దానికి సాక్ష్యంగానే కనిపిస్తుంది.

త్రయోదశినాటి ఉదయం దేవదానమ్మ కార్యాలయానికి వచ్చింది. జమ్మలమడుగుకు మూడు మైళ్ల దూరంలోని పల్లె ఆమెది. మూడు తరాలకు ముందు మిషను దొరల కాలంలో మతం పుచ్చుకున్న కుటుంబం. భర్త పల్లె బడిలో అయ్యవారుగా పనిచేసి చనిపోయాడు. అతడు సంపాదించి పెట్టినవి రెండెకరాల చేను, ఒక జత ఎద్దులు. ఆమె తన కష్టంతో చేర్చుకున్నవి ఇరవై రెండు తెల్ల పందులు. మేము యార్క్‌షైర్ రకమని వ్రాసేవాళ్లం, జనం సీమపందులనేవారు. బెంగుళూరు వర్తకుని లారీ పదిహేను రోజులకొకసారి వచ్చి వాటిని లైవ్ వెయిట్ మీద, అంటే ప్రాణంతో తూచి, కొనుక్కొనిపోయేది.

“అయ్యవారూ, రేడియోలో వచ్చింది మీరు రాసిందేనంట గదా?”

“నేను వ్రాసినదే.”

“సగం అర్థం గాల్యా. మా పాస్టరయ్యతో చెప్పించుకుంటి. ఆయప్పకు గూడా బైబులు కంటే కష్టంగా ఉన్న్యట్టుంది. ఎద్దులు బిరీన అమ్మమని, పందుల్ని పెట్టుకోమని. అంతేనా?”

“అంతే.”

“సరే మరి, ఎల్లుండి ప్రొద్దుటూరు సంతకు ఎద్దుల్ని తోలుకొస్తా. ఇంగా పడిపోకముందే అమ్ముకుంటా. క్రిస్మసుకు పందులమ్మి, ఆ దుడ్లతో మళ్లా ఒక జత తెచ్చుకుంటా.”

“శనగ విత్తినావా?”

“యాడ? ఎకరా అయింది, ఇంగొక ఎకరా ఉండాది. బాడిగ ఎద్దులతో యేసుకుంటా. ఎద్దుల్లేవని తెలిస్తే మా ఊర్లో పెద్దాయన రేపే వాకిట్లో నిలబడతాడు, సేను గుత్తకియ్యమ్మా అని. ఆయప్పకు ఒకసారి ఇస్తే మళ్లా మన చేతికి వచ్చేది ల్యా. అందుకే శానా ఆలోచన జేస్తాండా.”

ఆమె లేవబోయి మళ్లీ కూర్చున్నది.

“ఇంగొక మాట. పలుపు ఇయ్యాల్నా?”

“ఏ పలుపు?”

“ఎద్దుల మెడ పలుపు. మా ఆయన చేత్తో పేనినాడు. పలుపు మనం తెచ్చుకునేదే గదా రివాజు? మొన్న జమ్మలమడుగులో అందరూ పలుపుతోనే తోలిచ్చినారంట. రివాజు ఏమన్నా మారిందా అని.”

నా చేతిలోని కలం ఆగిపోయింది.

ఇక్కడ తెలియనివారికి ఒక మాట చెప్పాలి. పశువును అమ్మేవాడు పలుపును అమ్మడు. బేరం తెగగానే పాత తాడు విప్పి భుజాన వేసుకొని ఇంటికి తెచ్చి, ఖాళీ అయిన పశువుల గాటిలో కొయ్యకు తగిలిస్తాడు. ఆ కొయ్యకు మళ్లీ పశువు వస్తుందని నమ్మకం. కొనేవాడు కొత్త పలుపు తెచ్చుకొని కట్టుకుంటాడు. హిందువులు, తురకలు, క్రైస్తవులు అన్న భేదం లేకుండా అందరూ పాటించే ఆచారమిది. పలుపుతో సహా పశువును ఇచ్చేది ఒకే సందర్భంలో: అది అమ్మకం కానప్పుడు. చుట్టం ఇంటికి కొన్నాళ్లు మేపుకు తోలినప్పుడు పలుపు విప్పరు, ఎందుకంటే ఆ పశువు తిరిగి రావలసినదే.

దశమినాడు గేటు దాటిపోయిన ఆ కోడెల మెడలు అప్పుడు నా కన్నులకు కట్టినవి. చెమటకు నల్లబడిన పాత తాళ్లు, నీలిపూసలు, ఇత్తడి గజ్జెలు. చూశాను, చూసి కూడా వ్రాసుకోలేదు. నా పుస్తకంలో మెడకు గడి లేదు.

ఆమెను కూర్చోమని చెప్పి, సంత ఫీజు కట్టడానికి ప్రొద్దుటూరు వచ్చిన మస్తాన్‌ను ఎదురుగా ఉన్న టీ అంగడిలో పట్టుకున్నాను.

“సాహెబూ, మొన్నటివి అమ్మకాలు కావు గదా?”

అతడు గ్లాసు దించలేదు. “సామికి ఇప్పుడు తెల్లారిందా?”

“కొన్నవారు ఎవరు?”

“రాజుపాళెం దిక్కు బావమర్దులు, చాపాడు దిక్కు వియ్యంకులు. రెండు పార్టీలోళ్లూ తోలినారు. ఊరికే తోలితే అవతలోడికి తెలిసిపోతాది, ఇవతలోడు దేనికో తయారైతాండాడని. సంతకు తోలి, రసీదు తీసుకుంటే ఎవురికీ అనుమానం రాదు. ధర తక్కువ చెప్తే ఫీజు గూడా తక్కువ. గడ్డివాముల్లో నిప్పు పడితే గాట్లో ఉన్నేవి కాలిపోతాయి గదా సామీ. మనిషి పరిగెత్తుతాడు. కట్టేసిన ఎద్దు యాడికి పోతాది?”

“నాకు చెప్పవలసినది గదా!”

“చెప్తి గదా, పేనా ఎండిపోయిందనుకోమని. అంతకంటే ఎక్కువ చెప్పేవోడు ఈడ దళారి పని చెయ్యగలడా? రెండు పార్టీల ఎద్దులూ నా తుండు కిందికే రావాల.”

“పోలీసులకు తెలుపుదామా?”

“ఊర్లో పికెట్టు ఏసి వారమైంది. మనుషులకు ఏసినారు. ఎద్దులకు పికెట్టు ఎవురు ఏస్తారు?”

నేను వ్రాసిన ఔట్‌లుక్ అప్పుడు తలక్రిందులుగా కనిపించింది. ఎద్దుల ధర పడిపోలేదు. ఆ ధరలే ధరలు కావు. వాటిని నమ్మి ఎవరైనా విత్తనం అదనులో ఎద్దులను అమ్ముకుంటే అది నా వ్రాత వలన జరిగిన నష్టం. ఇక పందుల సంగతి మరీ విపరీతం. దేవదానమ్మ పల్లెకు లారీ పోయే బాట ఆ ఊరి నడుమగా పోతుంది. ఊరిలో ఏమైనా జరిగితే బాట మూసేస్తారు; బెంగుళూరు లారీ రాదు. అమ్మే బరువుకు వచ్చిన పందిని నిలువ ఉంచితే మేత తిని కొవ్వు పడుతుంది. కొవ్విన పందిని వర్తకుడు ముట్టడు. ఎద్దులు పోయి, పందులు నిలిచిపోతే, ఆ రెండెకరాలు గుత్తకు పోవడం తప్పదు.

వెనక్కి వచ్చి ఆమెతో అన్నాను: “ఎద్దులను అమ్మవద్దు. పందులను ఈ వారం వచ్చే లారీకి ఎక్కించు.”

“ఏంది అయ్యవారూ? మొన్న అమ్మమంటివి, ఈ పొద్దు వద్దంటావు. పెట్టుకోమన్న పందుల్ని తోలెయ్యమంటావు. నీ మాట యాడికని నమ్మేది?” కోపంలో ‘మీరు’ పోయింది. నాకు బాధ కలగలేదు.

కారణం చెప్పే స్థితిలో లేను. వాకిలి దగ్గర స్టూలు మీద కూర్చున్న కార్యాలయపు జవాను ఆ రెండు పార్టీల ఊరివాడే. ఏ పార్టీయో కూడా నాకు తెలుసు. అందుచేత ఇంతమాత్రం అన్నాను: “పలుపు ఇంటికి తెచ్చుకునేదే రివాజన్నావు గదా. ఎవరు తెచ్చుకోరో ఒకసారి ఆలోచించు.”

ఆమె నా ముఖం వంక చూసింది, తరువాత జవాను వంక చూసింది. కొంగు సర్దుకున్నది.

“క్రిస్మసుకు మా పందులు లేకుండానే పండగ చేసుకుంటారులే బెంగుళూరోళ్లు” అని, జవానుకు వినపడేటట్లు, “ఈ అయ్యవారికి నిలకడ ల్యా” అని గట్టిగా అనుకుంటూ వెళ్లిపోయింది. ఆమె తెలివికి మనసులోనే నమస్కరించాను.

ఇక మిగిలినది బోర్డు. సవరణ వ్రాయాలి, కారణం వ్రాయరాదు. పలుపుల మాట బోర్డు మీద పెడితే, ఎన్నికల వరకు ఆగవలసిన కొట్లాట ఆ సాయంత్రమే ఆ ఊరిలో రేగేది. అప్పటికి మా కార్యదర్శి గుంటూరు వైపు నుంచి బదిలీపై వచ్చి మూడు నెలలైంది. నా కాగితం చూసి కళ్లజోడు తీశారు.

“ఏమండీ పంతులుగారూ, మొన్న పడిపోతాయన్నారు. ఇవాళ ఆ లెక్కే తప్పంటున్నారు. కారణం ఏం రాయమంటారు?”

“పొరపాటు నాదని వ్రాశాను.”

“ఎటువంటి పొరపాటండీ?”

“చూడవలసినది చూడని పొరపాటు.”

“అది ఫైల్లో ఎక్కదండీ. తప్పు మీ మీదే వేసుకుంటే మెమో ఇవ్వాల్సి వస్తుంది. తర్వాత నన్ను అనొద్దు.”

“ఇవ్వండి.”

ఆ కాగితాన్ని నేను మొదటిసారిగా వాడుకభాషలో వ్రాశాను. “దశమినాడు జమ్మలమడుగులో వ్రాసుకున్న ఎద్దుల ధరలు తప్పు. వాటిని నమ్మి ఎవరూ ఎద్దులు అమ్మవద్దు. బరువుకు వచ్చిన పందులను ఈ వారమే అమ్మండి. క్రిస్మసు దాకా ఆగవద్దు.” మూడు సంతల్లోనూ నా చేతులతో నేనే అంటించాను. చదివి ఎవరూ నవ్వలేదు. కాని రేడియోలో మా వంతు మళ్లీ వారానికి గాని లేదు. తప్పు గాలిలో పోయింది. దిద్దుబాటు బస్సులో పోయింది.

బహుళ తదియనాడు లారీ వచ్చింది. తూకం సరిచూడడం నా పని కాకపోయినా వెళ్లాను. క్రిస్మసు ధరకంటే తక్కువే పలికింది. చివరి పందిని తూకపు పలక ఎక్కిస్తూ దేవదానమ్మ వర్తకునితో అన్నది: “దీన్ని చూసి తూకం వెయ్ అప్పా, మా ఆయనకంటే ఎక్కువ తినింది ఇది.” పందుల పాక ఖాళీ అయింది. ఎద్దులు రెండూ చేనిలో రెండవ ఎకరం దున్నుతున్నవి.

బహుళ సప్తమినాడు ఆ ఊరిలో రెండు పార్టీలూ కలబడినవి. రెండు నిండుప్రాణాలు పోయినవి. పదకొండు వాములు, వాటి పక్కనున్న కొట్టాలు కాలిపోయినవి. కాలిన కొట్టాలలో ఒక్క పశువు కూడా లేదు. బాట మూసివేశారు. లారీ మళ్లీ వచ్చేసరికి క్రిస్మసు గడచిపోయింది.

ఇంతటితో ముగిస్తే నా తప్పు నేను దిద్దుకున్నట్లే ఉంటుంది. అది నిజం కాదు. ఆ మార్గశిరంలో రాజుపాళెం దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా ఒక రైతు పలకరించాడు.

“రేడియో సామి మీరే గదా? మీ మాట ఇని నా జత అమ్మేస్తి. మర్నాడు సంతకు పోతే మీ కాయితం కనపడె, వద్దని. ఒక్క పొద్దు ముందు రాసుంటే బాగుండు.”

“తప్పు నాది” అన్నాను.

“కానీలే సామీ. బాడిగ ఎద్దులతో యేసుకుంటి. అదను దాటిపోయె, అంతే.” అతని భుజం మీద పాత పలుపులు రెండు చుట్టి ఉన్నవి. కొత్త జత కోసం సంతలన్నీ తిరుగుతున్నాడట. కొనగలిగాడో లేదో నాకు తెలియదు. అతని పేరు అడిగే ధైర్యం ఆనాడు నాకు లేకపోయింది.

ఆ తరువాత పన్నెండేళ్లు ఆ పని చేశాను. నా సంతపుస్తకంలో అరైవల్స్‌కు, మోడల్ రేటుకు నడుమ ఒక గడి గీసుకున్నాను. దానికి ప్రభుత్వపు నమూనాలో స్థానం లేదు. ఆ గడిలో ‘విప్పినారు’ అనో ‘విప్పలేదు’ అనో వ్రాసేవాణ్ణి. విప్పని పశువుల ధరను లెక్కలో కలపలేదు. ధర అన్నది రెండు చేతుల మధ్య పుట్టేదని పుస్తకాలు చెప్పినవి. ఆ చేతులు ఎవరివి, బేరం తరువాత ఆ పశువు ఏ కొయ్యకు చేరుతుంది అన్నది కూడా చూడాలని ఆ ముప్పావు గంటలో దేవదానమ్మ నేర్పింది. ఔట్‌లుక్‌ను మళ్లీ గ్రాంథికంలో వ్రాయలేదు.

నాకిచ్చిన మెమో 1989 డిసెంబరులో సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. నేను పదవీవిరమణ చేసేనాటికి అందులోనే ఉన్నది. ప్రమోదూత నామ సంవత్సర వైశాఖమాసంలో, 1990 మే నెలలో, ఆ ఊరి పార్టీలకు రాజీ కుదిరింది. అదే నెలలో కోడెలూ ఎనుములూ రాజుపాళెం, చాపాడు దిక్కుల నుంచి అవే పలుపులతో నడచి ఇళ్లకు చేరినవి. అవి ఏ సంత గేటూ దాటలేదు. వాటికి ఎవరూ రసీదు కోయలేదు.